ఆటలో ఎముకకు దెబ్బ తగిలినప్పుడు: పిల్లలలో, యువ క్రీడాకారులలో గాయాన్ని గుర్తించే తీరు, చికిత్స చేయించే తీరు

కబడ్డీ కోర్టులో 12 ఏళ్ల పిల్లవాడూ 25 ఏళ్ల యువకుడూ ఒకే తీరున కాలు మడతపడి కూలబడితే, ఇద్దరి చీలమండలూ దాదాపు ఒకేలా వాస్తాయి. యువకుడిలో తెగింది చాలావరకు లిగమెంటే, అంటే ఎముకకూ ఎముకకూ మధ్య కట్టులా ఉండే గట్టి పట్టీయే, అయి ఉంటుంది. పిల్లవాడిలో మాత్రం ఎముక కొసన ఉండే ఎదుగుదల పలక దెబ్బతిని ఉండవచ్చు. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అని పిలిచే ఈ మృదులాస్థి పొర నుంచే ఎముక పొడవు పెరుగుతుంది. పెరిగే వయసులో చుట్టూ ఉన్న లిగమెంట్ల కన్నా ఈ పొరే బలహీనంగా ఉంటుంది కనుక, పెద్దవారిలో బెణుకుగా ముగిసే దెబ్బ పిల్లలలో ఎముక గాయం కాగలదు. ఆడపిల్లలలో సుమారు 14–15 ఏళ్లకు, మగపిల్లలలో 16–17 ఏళ్లకు చాలా ఎముకలలో ఈ పలక గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అందుచేత గాయపడినవారి విషయంలో ముందుగా తెలుసుకోవలసింది వయసు. తక్కిన ప్రశ్నలన్నీ దాని వెనుకే వస్తాయి.

ఇక్కడ రాస్తున్నది తల్లిదండ్రులకు, పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయులకు, శిక్షకులకు, పల్లెలలో రోగిని మొదటగా చూసే వైద్య సిబ్బందికి ఉపయోగపడాలన్న ఉద్దేశంతో. ఎముకను సరిచేయవలసింది ఆర్థోపెడిక్ నిపుణుడే. అయితే రోగి ఆయన దగ్గరకు చేరేలోపు ఏం చేశారు, ఏం చేయకుండా ఉన్నారు అన్నదాని మీద చివరి ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మైదానంలో మొదటి పది నిమిషాలు

పడినవారిని వెంటనే లేపి నిలబెట్టి, నాలుగడుగులు నడిపించి చూడడం మన మైదానాలలో మామూలు. అది మానుకోవాలి. మెడ నొప్పి ఉన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరిగా ఉన్నాయని చెప్పినా, స్పృహ తప్పినా, ఉన్నచోటనే కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. ఆ సూచనలేవీ లేకపోతే దెబ్బ తగిలిన భాగం ఆకారం మారిందా, చర్మం చిట్లిందా, రక్తం కారుతోందా అని చూడాలి.

తరువాత చూడవలసింది దెబ్బకు దిగువ భాగాన్ని. చేతికి దెబ్బ తగిలితే వేళ్లు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయా, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, వేళ్లు కదులుతున్నాయా, తాకితే తెలుస్తోందా అని పరీక్షించాలి. కాలికైతే పాదం మీద ఇదే పరీక్ష చేయాలి. చూసిన సమయాన్ని కాగితం మీద రాసి పెడితే ఆసుపత్రిలో ఎంతో పనికి వస్తుంది, ఎందుకంటే నాడి మొదటి నుంచీ అందలేదా, దారిలో ఆగిపోయిందా అన్నది డాక్టరు వేసే మొదటి ప్రశ్నలలో ఒకటి. పిల్లల మణికట్టుకు ఉండే కడియాలు, గాజులు, కాశీతాళ్లు, ఉంగరాలు, కాలి పట్టీలు అప్పుడే తీసేయాలి. వాపు పెరిగాక అవి ఊడిరావు, రక్తప్రసారాన్ని బిగించేస్తాయి.

వంకరపోయిన చేతిని గాని కాలిని గాని లాగి సరిచేయకూడదు. ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే అట్టముక్క, మడిచిన వార్తాపత్రిక, స్కేలు వంటిదాన్ని దన్నుగా పెట్టి, గాయానికి పైన ఉన్న కీలూ కింద ఉన్న కీలూ రెండూ కదలకుండా మెత్తని గుడ్డతో వదులుగా కట్టాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు ఆనించవచ్చు. నేరుగా చర్మం మీద పెడితే చర్మం కాలినట్టవుతుంది. మర్దన, వేడినీళ్ల కాపడం, ఘాటైన నొప్పి మందు రుద్దడం మొదటి రెండు మూడు రోజులలో వాపునూ లోపలి రక్తస్రావాన్నీ పెంచుతాయి. భుజం కీలు తప్పిందని జట్టులోని ఎవరో ఒకరు కాలు అడ్డుపెట్టి లాగడం ఇంకా ప్రమాదకరం. దానితో పాటు ఎముక కూడా విరిగి ఉందో లేదో ఎక్స్‌రే లేకుండా ఎవరూ చెప్పలేరు.

ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే దాన్ని లోపలికి నెట్టకుండా శుభ్రమైన తడిగుడ్డ కప్పి తీసుకువెళ్లాలి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. ఇటువంటి గాయానికి సాధ్యమైనంతవరకు గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ ఇవ్వాలి, ధనుర్వాతం టీకా సంగతి చూడాలి.

నొప్పికి మందు ఇస్తే లోపలి గాయం తెలియకుండా పోతుందన్న భయం అక్కరలేదు. పిల్లల బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4–6 గంటలు ఉండాలి, రోజుకు నాలుగు సార్లు దాటకూడదు. ఆస్పిరిన్ మాత్రం 16 ఏళ్ల లోపువారికి ఇవ్వకూడదు. ఎముక వంకర స్పష్టంగా కనిపిస్తుంటే దారిలో ఇడ్లీ, టీ, బిస్కెట్లు పెట్టవద్దు. మత్తు ఇవ్వవలసి వస్తే దానికి 6 గంటల ముందు నుంచి ఘనాహారం, 2 గంటల ముందు నుంచి నీళ్లు కూడా ఆపి ఉండాలి. ప్రేమతో తినిపించిన రెండు బిస్కెట్ల వల్ల శస్త్రచికిత్స అర్ధరాత్రి దాకా వాయిదా పడుతుంది.

ఏమి అడగాలి, ఎలా తాకాలి

ఎలా పడ్డారు, ఏదైనా తెగిన చప్పుడు వినిపించిందా, వాపు ఎంతసేపట్లో వచ్చింది, దెబ్బ తగిలాక ఆట కొనసాగించగలిగారా అన్న నాలుగు ప్రశ్నలు ఏ స్కానింగ్ కన్నా ముందు రావాలి. మోకాలు రెండు గంటలలోపే ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు, అంటే లిగమెంట్ గాని ఎముక గాని దెబ్బతిన్నట్టు అనుమానించాలి. మర్నాటికి మెల్లగా వాచినది చాలాసార్లు అంత తీవ్రమైనది కాదు.

చిన్నపిల్లలను తల్లి ఒడిలోనే ఉంచి పరీక్షించాలి. ముందు బాగున్న చేయి, తరువాత దెబ్బ తగిలిన చేయి. అందులోనూ నొప్పి ఉన్న చోటును అన్నిటికన్నా చివర తాకాలి. మొదటే అక్కడ నొక్కితే ఆ తరువాత పిల్లవాడు ఎక్కడ తాకినా ఏడుస్తాడు, పరీక్ష అక్కడితో ముగిసినట్టే. అరచేత్తో కాక ఒక్క వేలి కొసతో నొక్కుతూ పోతే ఎముక మీద ఒక్క చోట మాత్రమే నొప్పి ఉందా, కండ అంతటా ఉందా అన్నది తేలుతుంది.

ఎక్స్‌రే ఎప్పుడూ రెండు దిశలలో, అంటే ఎదురుగానూ పక్కగానూ తీయాలి. ఎదుగుదల పలక గాయాలను 1963లో ప్రచురితమైన సాల్టర్–హారిస్ పద్ధతి ప్రకారం ఐదు రకాలుగా విభజిస్తారు. మొదటి రకంలో ఎముక జరగకపోతే ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ఐదవ రకంలో పలక నలిగిపోతుంది. అది నెలల తరువాత ఎదుగుదల ఆగినప్పుడు గాని బయటపడకపోవచ్చు. కనుక ఎక్స్‌రే మామూలుగా ఉందన్న మాట విని ఊరుకోకుండా, పలక ఉన్న చోట వేలితో నొక్కితే నొప్పి ఉందా అని చూసి, ఉంటే ఆ భాగానికి దన్ను కట్టి వారం పది రోజులలో మళ్లీ చూపించాలి. ఎవరూ చేయిపెట్టి పరీక్షించకముందే నేరుగా ఎంఆర్‌ఐ తీయించుకోవడం ఈ మధ్య అలవాటుగా మారింది. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలియకుండా తీసిన ఎంఆర్‌ఐ ఖర్చునూ కంగారునూ పెంచడం తప్ప పెద్దగా ఒరగబెట్టేది ఉండదు.

చీలమండ

చీలమండ మడతపడిన ప్రతివారికీ ఎక్స్‌రే అక్కరలేదు. కెనడాలోని ఆటవా నగర వైద్యులు 1992లో ప్రచురించిన నియమాలు 5 ఏళ్లు దాటిన పిల్లలకు కూడా బాగా పనికివస్తాయని తేలింది. చీలమండకు అటూ ఇటూ ఉన్న గుబ్బల వెనుక అంచున, కింది నుంచి 6 సెంటీమీటర్ల మేర ఎక్కడ నొక్కినా ఎముకలో నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయాలి. పాదం బయటి అంచు మధ్యలో, చిటికెన వేలి ఎముక మొదలు గుబ్బగా తగిలే చోట నొప్పి ఉన్నా, పాదం లోపలి అంచున చీలమండ గుబ్బకు కాస్త ముందున్న ఎముకలో నొప్పి ఉన్నా తీయాలి. దెబ్బ తగిలిన వెంటనే ఒకసారి, పరీక్ష సమయంలో మరోసారి, రెండుసార్లూ నాలుగడుగులు వేయలేకపోతే కూడా తీయాలి. కుంటుతూ వేసినా అది అడుగు కిందే లెక్క. వీటిలో ఏదీ లేకపోతే ఎముక విరిగే అవకాశం బహు తక్కువ.

చిటికెన వేలి ఎముక మొదట్లో 10–14 ఏళ్ల వయసులో ఒక చిన్న ఎముక పలక విడిగా కనిపిస్తుంది, దాన్ని చూసి విరిగిందని పొరబడతారు. సహజమైన గీత ఎముక పొడవు వెంట నడుస్తుంది, విరిగిన గీత అడ్డంగా ఉంటుంది.

బెణుకే అని తేలితే మూడు వారాల పిండికట్టు అవసరం లేదు. చీలమండకు పట్టీ గాని బ్రేస్ గాని వేసి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రెండు మూడు రోజుల నుంచే నడిపించి, ఆ తరువాత ఒంటికాలి మీద నిలబడి తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయించాలి. ఈ చివరి భాగాన్ని వదిలేసినవారికే అదే చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుతూ ఉంటుంది.

మోచేయి

పిల్లల ఎముకలలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది మోచేయి. గోడ మీద నుంచో, మంచం మీద నుంచో, జారుడుబల్ల మీద నుంచో చాచిన చేతి మీద పడిన 5–7 ఏళ్ల పిల్లలకు మోచేతికి కాస్త పైన ఎముక విరగడం చాలా సాధారణం. విరిగిన ఎముక కొన చేతికి రక్తం తీసుకుపోయే ధమనినీ పక్కనున్న నరాలనూ పొడవగలదు. అందుకే ఈ గాయంలో ఎముక కన్నా ముందు నాడినీ వేళ్ల కదలికనూ చూస్తారు.

నరాల పరీక్షను ఆటగా చేయించవచ్చు. పిల్లవాణ్ని పిడికిలి బిగించమనాలి, అరచేయి పూర్తిగా చాపమనాలి, వేళ్లను కత్తెరలా తెరిచి మూయమనాలి, బొటనవేలి కొసనూ చూపుడువేలి కొసనూ కలిపి గుండ్రని సున్నా చుట్టమనాలి. ఈ చివరిది చేయలేక రెండు వేళ్లూ చదునుగా ఆనిస్తే, ముంజేతిలో లోతుగా పోయే ఒక నరం దెబ్బతిన్నట్టు. ఈ గాయంలో తరచుగా దెబ్బతినేది ఆ నరమే. చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలో దానంతట అదే కోలుకుంటుంది.

విరిగినా ఎముక జరగకపోతే, మోచేయి మడిచి మూడు వారాలు కట్టు కడితే సరిపోతుంది. జరిగితే మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఎముకను సరిగా కూర్చి, చర్మం గుండా సన్నని తీగలు గుచ్చి నిలబెడతారు. మూడు నాలుగు వారాలకు వాటిని తీసేస్తారు. చేయి తెల్లబడి నాడి అందకపోతే ఆ పని మర్నాటికి వాయిదా వేయదగింది కాదు.

ఇక కట్టు సంగతి. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. ఎక్స్‌రేకి వెళ్లే దారీ డబ్బూ లేని కాలంలో నాటు వైద్యులు ఎందరికో ఆదరువుగా ఉన్నారన్న మాట కాదనలేము. జరగని ఎముక ఏ కట్టులోనైనా, ఒక్కోసారి కట్టు లేకుండానైనా, తనంతట తానే అతుక్కుంటుంది. పిల్లలలో మరీ వేగంగా అతుక్కుంటుంది. ఆ కీర్తి చాలావరకు ఎముకకే చెందాలి. అయితే వాచిన మోచేతి చుట్టూ వెదురు బద్దలు బిగించినా, అదే మోచేతికి పెద్ద ఆసుపత్రిలో చుట్టూరా పిండికట్టు బిగించినా ప్రమాదం ఒకటే. లోపల వాపు పెరిగి, బయట కట్టు జరగక, కండరాలకు రక్తం అందక అవి చచ్చిపోతాయి. వేళ్లు జీవితాంతం ముడుచుకుపోతాయి. దీని మొదటి సూచన నాడి ఆగిపోవడం కాదు. అది చాలా ఆలస్యంగా జరుగుతుంది. గాయానికి తగిన దానికన్నా మించిన నొప్పి, గంటగంటకూ పెరిగే నొప్పి, మందు వేసినా ఊరుకోని ఏడుపు, వేళ్లను మెల్లగా చాపితే కేక పెట్టడం అసలు సూచనలు. అవి కనిపిస్తే రాత్రి రెండు గంటలైనా సరే కట్టును లోపలి దూది సహా చర్మం కనిపించేదాకా విప్పించి ఆసుపత్రికి చేర్చాలి. కొద్ది గంటలు మించితే కండరం తిరిగి రాదు.

మోచేతి బయటివైపు మాత్రమే వాచి, ఎక్స్‌రేలో ఒక చిన్న పలుకు విడినట్టు కనిపిస్తే దాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ముక్కలో ఎక్కువ భాగం మృదులాస్థే కనుక ఎక్స్‌రే చూపేది అసలు పరిమాణంలో కొంతే. 2 మిల్లీమీటర్లకు మించి జరిగితే సాధారణంగా శస్త్రచికిత్స చేస్తారు. వదిలేస్తే అతుక్కోక, చేయి ఏటేటా బయటికి వంగి, ఎన్నో ఏళ్ల తరువాత చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలవుతుంది. మోచేతిలో ఎముకగా గట్టిపడే కేంద్రాలు ఆరు ఉంటాయి. అవి సుమారు 1, 3, 5, 7, 9, 11 ఏళ్లకు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఈ వరుస తెలియనివారికి సహజమైన ముక్క విరిగినట్టు, విరిగిన ముక్క సహజమైనట్టు కనిపిస్తుంది. అనుమానం ఉన్నప్పుడు రెండో మోచేతి ఎక్స్‌రేతో పోల్చి చూడడం తెలివైన పని.

కట్టు విప్పాక మోచేయి కొన్ని వారాలు బిగుసుకొని ఉండడం సహజం. నూనె మర్దన చేసి బలవంతంగా వంచడం, ఇసుక బకెట్టు మోయించడం వల్ల కండరంలో ఎముక పేరుకొని బిగుతు శాశ్వతం కావచ్చు. పిల్లవాణ్ని ఆడుకోనిస్తే చాలు, వంపు దానంతట అదే తిరిగి వస్తుంది.

నడక నేర్చే వయసు నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలను ఒక చేయి పట్టుకొని పైకి లాగినప్పుడు, వాపు ఏమీ లేకుండా చేయి వేలాడేసి కదపనంటే, అది మోచేతిలో చిన్న ఎముక లిగమెంట్ కింది నుంచి జారడం. తెలిసిన డాక్టరు ముంజేతిని ఒక్క మలుపు తిప్పి సరిచేస్తారు, పది పదిహేను నిమిషాలలో పిల్లవాడు చాక్లెట్ కోసం అదే చేయి చాస్తాడు.

మణికట్టు, ముంజేయి, వేళ్లు

పిల్లల ఎముక పచ్చి వేపపుల్ల వంటిది. ఒక్కోసారి రెండు ముక్కలు కాకుండా ఒక వైపు చిట్లి వంగుతుంది, ఒక్కోసారి ఒక వైపు నొక్కుకుపోయి ఊరుకుంటుంది. ఈ రెండో రకానికి మణికట్టు దగ్గర తీసివేయగల దన్ను మూడు వారాలు ఉంచితే చాలు.

ముంజేతి ఎముక అతుక్కున్నాక కొంచెం వంకరగా ఉందని చాలామంది తల్లిదండ్రులు ఆందోళన పడతారు. ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక పొడవులో నాలుగింట మూడు వంతులకు పైగా పెరిగేది మణికట్టు వైపు నుంచే కనుక, 8–9 ఏళ్ల లోపు పిల్లలలో మణికట్టు దగ్గర 15–20 డిగ్రీల వంపు కూడా ఒకటి రెండేళ్లలో సర్దుకుంటుంది. జబ్బ ఎముక విషయంలో లెక్క తలకిందులు. అందులో ఎక్కువ పెరుగుదల భుజం వైపు నుంచి జరుగుతుంది, మోచేతి వైపు నుంచి వచ్చేది ఐదింట ఒక వంతు మాత్రమే. అందుకే మోచేతి పైన విరిగిన ఎముకను వంకరగా వదిలేయరు. మెలిక తిరిగి అతుకుపడిన ఎముక మాత్రం ఎక్కడైనా, ఏ వయసులోనైనా దానంతట అది సర్దుకోదు. క్యాచ్ పట్టబోయి, వాలీబాల్ తగిలి వేలు విరిగితే పిడికిలి బిగించమని చూడాలి. ఒక వేలు పక్క వేలి మీదికి ఎక్కితే మెలిక ఉన్నట్టే.

కాలర్‌బోన్ విరిగితే పిల్లలలో మెడకు గుడ్డ జోలె మూడు నాలుగు వారాలు చాలు. అతుకుపడిన చోట గుబ్బ కొన్ని నెలలు కనిపించి తగ్గిపోతుంది.

మోకాలు నొప్పి అన్నప్పుడు తుంటిని కూడా చూడాలి

10–16 ఏళ్ల వయసులో, ముఖ్యంగా కాస్త బరువున్న పిల్లవాడు వారాల తరబడి తొడలోనో మోకాలిలోనో నొప్పి అని కుంటుతూ, పాదం బయటికి తిప్పి నడుస్తుంటే గాయం మోకాలిలో కాక తుంటిలో ఉండవచ్చు. తొడ ఎముక పైకొసన తుంటిలో అమరే బంతి తన ఎదుగుదల పలక దగ్గర మెల్లగా జారిపోతున్నప్పుడు నొప్పి నరం వెంట మోకాలి దాకా వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలిని పొట్ట వైపు మడిచేటప్పుడు తొడ దానంతట అదే బయటికి తిరిగిపోతే ఈ అనుమానం బలపడుతుంది. ఆ క్షణం నుంచి పిల్లవాణ్ని నడవనివ్వకూడదు. చక్రాల కుర్చీలో తీసుకువెళ్లి, రెండు తుంటిలకూ ఎదురుగా ఒకటి, కప్పలా కాళ్లు విడదీసి ఒకటి ఎక్స్‌రే తీయించాలి. చికిత్స ఒక స్క్రూతో బంతిని ఉన్నచోట నిలిపేయడమే. ఆలస్యమై అది పూర్తిగా జారితే బంతికి రక్తం ఆగి తుంటి పాడవుతుంది. మోకాలి ఎక్స్‌రే తీసి, బాగుందని చెప్పి నొప్పి మాత్రలతో పంపేయడం ఈ జబ్బులో జరిగే అతి సాధారణమైన పొరపాటు.

జ్వరంతో పాటు పిల్లవాడు కాలు నేల మీద పెట్టనంటే అది గాయం కాకపోవచ్చు, కీలులో చీము చేరి ఉండవచ్చు. దానికి గంటలలో చికిత్స జరగాలి. నిన్న ఆడుకుంటూ పడ్డాడన్న మాట వల్ల చాలాసార్లు ఈ నిర్ధారణ తప్పిపోతుంది.

ఇక మోకాలిలోనే పుట్టే నొప్పులు. ఖోఖో, వాలీబాల్, కబడ్డీ ఆడే 10–15 ఏళ్ల పిల్లలలో మోకాలి చిప్పకు కింద గుబ్బ లేచి, మోకాళ్ల మీద కూర్చున్నా ఎగిరినా నొప్పి పుడితే అది ఎముక మీద తొడ కండరం పదే పదే లాగడం వల్ల వచ్చేది. 8–12 ఏళ్లలో మడమ వెనుక వచ్చే నొప్పి కూడా ఇదే కోవకు చెందినది. ఆట పూర్తిగా మాన్పించనక్కరలేదు. నొప్పి స్వల్పంగా ఉండి మర్నాటికి తగ్గిపోయేంత మేరకే ఎగరడాలు, పరుగులు ఉంచి, తొడ, పిక్క కండరాలను సాగదీసే వ్యాయామాలు చేయించాలి. ఎదుగుదల ముగిసేసరికి నొప్పి పోతుంది. అక్కడ స్టీరాయిడ్ ఇంజెక్షన్ వేయించకూడదు.

పరుగులో హఠాత్తుగా దిశ మార్చినప్పుడో ఎగిరి దిగినప్పుడో టప్పుమని చప్పుడై, రెండు గంటలలో మోకాలు ఉబ్బి, తరువాత నడకలో జారిపోతున్నట్టు అనిపిస్తే మోకాలి మధ్యలోని ముందు లిగమెంట్, అంటే ఏసీఎల్, తెగిందని అనుమానించాలి. వాపు, భయం వల్ల మొదటి రోజుల్లో పరీక్ష సరిగా తేలకపోతే పది రోజుల తరువాత మళ్లీ చేయాలి. మోకాలిని 20–30 డిగ్రీలు వంచి కింది ఎముకను ముందుకు లాగి రెండో మోకాలితో పోల్చే పరీక్ష దీనికి నమ్మదగినది. పిల్లలలో లిగమెంట్ తెగడానికి బదులు అది అతుక్కున్న ఎముక పలుకే ఊడిరావచ్చు కనుక ముందు ఎక్స్‌రే తప్పనిసరి. మోకాలు పూర్తిగా చాపలేక బిగుసుకుపోతే మోకాలిలో మెత్తలా ఉండే మృదులాస్థి, అంటే మెనిస్కస్, అడ్డుపడి ఉండవచ్చు, అది త్వరగా చూడవలసిన సంగతి. అది లేనప్పుడు శస్త్రచికిత్సకు పరుగెత్తనక్కరలేదు. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాపగలిగి, తొడ కండరం మేలుకున్నాక చేసిన శస్త్రచికిత్సే మంచి ఫలితం ఇస్తుంది. ఎదుగుదల మిగిలి ఉన్న పిల్లలకు పలకను తప్పించి చేసే పద్ధతులు వేరుగా ఉన్నాయి. ఆ అనుభవం ఉన్నవారి దగ్గరకే వెళ్లాలి. పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఈ లిగమెంట్ దెబ్బతిన్నది, ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001లో. ఆట ముగిసిపోయిందని కుమిలిపోయేవారికి ఆ మధ్యకాలాన్ని చూపించాలి, వచ్చే నెల టోర్నమెంటుకు దిగుతానని పట్టుబట్టేవారికి కూడా దాన్నే చూపించాలి.

ఒక్కరోజు దెబ్బతో రాని గాయాలు

పోలీసు కానిస్టేబుల్, సైన్యం ఎంపికల నోటిఫికేషన్ వెలువడగానే తెల్లవారుజామున తారురోడ్ల మీద 1600 మీటర్ల పరుగు సాధన మొదలవుతుంది. అంతకుముందు పరుగు అలవాటు లేనివారు అరిగిన బూట్లతో, ఒక్కసారిగా రోజూ పరుగెత్తితే ముంగాలి ఎముక తట్టుకోలేదు. ముంగాలి లోపలి అంచు వెంట నాలుగైదు వేళ్ల వెడల్పు మేర పరచుకొని, పరుగు మొదట్లో ఉండి వేడెక్కాక తగ్గే నొప్పి ఎముక పొర ఒత్తిడి వల్ల వచ్చేది. ఒక్క వేలి కొసంత చోటులో మాత్రమే ఉండి, పరుగుతో పెరిగి, నడకలోనూ తరువాత విశ్రాంతిలోనూ వదలని నొప్పి ఎముకలో సన్నని పగులుకు గుర్తు. ఒంటికాలితో గెంతితే ఆ చోట కలుక్కుమంటుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. నిజంగా ఎంఆర్‌ఐ అవసరమయ్యేది ఇటువంటిచోటనే. గజ్జలో వచ్చే ఇలాంటి నొప్పి తొడ ఎముక మెడ దగ్గరి పగులు కావచ్చు, దాన్ని పట్టించుకోకుండా పరుగెత్తితే ఎముక పూర్తిగా విరుగుతుంది. ముంగాలికి చాలావరకు 6–8 వారాలు పరుగు ఆపితే చాలు. ఈలోగా సైకిలు, ఈత కొనసాగించవచ్చు. పి.వి. సింధు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచిన తరువాత ఎడమ పాదంలో ఇటువంటి పగులు ఉన్నట్టు తేలింది. ఆ నెలలోని ప్రపంచ చాంపియన్‌షిప్‌నూ వదులుకొని ఆమె నెలల తరబడి ఆటకు దూరంగా ఉన్నారు.

ఈ పగుళ్లు మళ్లీ మళ్లీ వచ్చే అమ్మాయిలను నెలసరి సరిగా వస్తోందా, తిండి సరిపోతోందా అని తప్పక అడగాలి. తిన్నదానికన్నా ఖర్చయ్యే శక్తి ఎక్కువైతే శరీరం మొదట నెలసరిని, ఆ తరువాత ఎముక బలాన్ని కోత పెడుతుంది. పురుష శిక్షకులకు ఈ ప్రశ్న అడగడం ఇబ్బందిగా ఉంటే తల్లి ద్వారానో మహిళా డాక్టరు ద్వారానో అడిగించాలి, మానేయకూడదు.

వేగంగా బౌలింగ్ చేసే కుర్రవాడికి నడుము కింది భాగంలో, బంతి వేసే చేతికి రెండో వైపున నొప్పి ఉండి, ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే అది పెరిగితే వెన్నుపూస పగులును అనుమానించాలి. దానికి కొన్ని నెలలు బౌలింగ్ పూర్తిగా ఆపడం తప్ప వేరే దారి లేదు. సాధారణంగా పిల్లల వారపు శిక్షణ గంటలు వారి వయసు అంకెను మించకుండా, వారానికి ఒకటి రెండు రోజులు ఆట లేకుండా చూసుకుంటే ఇటువంటి గాయాలు బాగా తగ్గుతాయి.

ఆటకు సంబంధం లేకుండా రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి, మోకాలి చుట్టూ పెరుగుతున్న గడ్డ, కారణం లేని బరువు తగ్గుదల ఉంటే బెణుకు మందులతో కాలం గడపకుండా వెంటనే ఎక్స్‌రే తీయించాలి. కౌమారంలో వచ్చే ఎముక కాన్సర్ తరచు మోకాలి చుట్టూనే వస్తుంది. నడక రాని పసిబిడ్డకు ఎముక విరిగినప్పుడు ఎలా విరిగిందో ఇంటివారు చెప్పేది గాయానికి పొసగకపోతే, బిడ్డను ఆసుపత్రిలోనే ఉంచి పూర్తిగా పరీక్షించాలి. బాలల సహాయ సంఖ్య 1098.

కట్టుతో ఇంటికి వచ్చాక

మొదటి రెండు రోజులు చేతినైనా కాలినైనా గుండె కన్నా ఎత్తున దిండ్ల మీద ఉంచి, వేళ్లను గంటగంటకూ కదిలించాలి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, కట్టు నుంచి దుర్వాసన వచ్చినా అప్పటికప్పుడు చూపించాలి. దురద వేస్తోందని పుల్ల, పెన్సిల్, స్కేలు లోపలికి దూర్చితే చర్మం గీసుకుపోయి పుండవుతుంది; బయట నుంచి మెల్లగా తట్టడం మేలు. వాపు తగ్గాక కట్టు వదులై ఎముక జరగవచ్చు కనుక వారానికి ఒకసారి, మొదటి రెండు వారాలు ఎక్స్‌రే తీయించడం మానకూడదు.

మళ్లీ ఆటకు

ఎముక అతుక్కోవడం, ఆటకు సిద్ధం కావడం వేరు వేరు దశలు. నొప్పి, వాపు లేకుండా కీలు పూర్తిగా కదలాలి. కండరాల బలం రెండో వైపుతో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలి గెంతులో రెండు కాళ్లూ దాదాపు సమానంగా దూరం పోవాలి. ఆపైన నేరు పరుగు, తరువాత మలుపుల పరుగు, తరువాత ఢీ లేని సాధన, చివరగా పోటీ అన్న క్రమంలో ఎక్కాలి; ఏ మెట్టు మీదనైనా వాపు వస్తే ఒక మెట్టు దిగాలి. ఏసీఎల్ శస్త్రచికిత్స తరువాత ఎంత బాగా ఉన్నట్టు అనిపించినా 9 నెలలలోపు పోటీకి దింపకూడదు, ఎందుకంటే తొందరపడినవారిలో మళ్లీ తెగే ప్రమాదం చాలా ఎక్కువ.

ఎదుగుదల పలకకు దెబ్బ తగిలిన పిల్లలను, నొప్పి పూర్తిగా పోయినా, 6 నెలలకూ ఏడాదికీ రెండు వైపులా ఎక్స్‌రే తీసి పోల్చి చూడాలి. మోకాలి చుట్టూ, చీలమండ లోపలివైపు తగిలిన గాయాలకు ఇది మరీ ముఖ్యం. పలకలో ఒక పక్క ఎముక వంతెనలా కట్టుకుంటే కాలు ఆ పక్కకు వంగుతూ పెరుగుతుంది; పొడవు తేడా గాని వంకర గాని కొద్దిగా ఉండగానే గుర్తిస్తే, మిగిలిన ఎదుగుదలనే వాడుకొని చిన్న శస్త్రచికిత్సతో సరిచేసే వీలుంటుంది.